ఎర్రచుక్కకు అంటిన ఉప్పు

మధ్యాహ్నం భోజనాల లోపు మిమ్మల్ని అరెస్టు చేస్తారు అని చెప్పడానికి వచ్చిన కెప్టెన్ పెర్పెతువా కస్కేహో, తీరా మనిషి ఎదురుపడేసరికి, "కాఫీ తాగారా నీనోంగ్?" అని అడిగింది.

కిరినో బతుకాన్ తాగలేదు. పనిబల్ల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి, దాని మీద నాలుగు చిన్న పెట్టెలు వరసగా పెట్టుకుని ఆమె కోసమే కూర్చున్నాడు. డెబ్బై దాటిన మనిషి. దనావ్ ఊళ్లో తుపాకులు చేసే చేతులు చాలా ఉన్నాయి గానీ తన చేతులకు సాటి లేదని ఆయన గట్టి నమ్మకం. ఆ సంగతి అడగనివాళ్లకు కూడా చెబుతాడు. ఊళ్లో సగం మందికి జ్ఞానస్నానం నాడు చర్చిలో నిలబడి 'ఈ బిడ్డకు నేనున్నాను' అని మాటిచ్చిన నీనోంగ్ ఆయనే. ఆ సగం మందిలో పెర్పెతువా ఒకతె. తండ్రి సముద్రంలో పోయాక ఆమెను చదివించిందీ, పోలీసు శిక్షణకు పంపిందీ, మొదటి యూనిఫాం కుట్టించిందీ ఈయనే.

"గుమ్మంలో ఆ కానిస్టేబుల్‌ని ఎందుకు కూచోపెట్టావే దాయ్?" అన్నాడు ముసలాయన. నలభై ఎనిమిదేళ్లు వచ్చినా ఆయనకు ఆమె ఇంకా దాయే, చిన్నపిల్లే.

"నేను కాదు, మేజర్ అబాపో పెట్టించాడు. మీరు పారిపోతారట."

"ఈ మోకాళ్లేసుకునా?"

ఆమెకు నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. ఆదివారం జరిగింది నవ్వులాట కాదు. ఊరి పండుగకు గురి క్లబ్బులో ఏటా పెట్టే పిస్తోలు పోటీలో క్రిసాంతో లౌరోన్ వంతు వచ్చింది. వరసగా నాలుగేళ్లు గెలిచి, బహుమతిగా వచ్చిన నాలుగు పందులు కాల్చుకు తిన్న చాంపియన్ అతను. ఇనప రేకుకు తగలాల్సిన గుండు ఎడమకు పోయి, గంట దగ్గర నిలబడ్డ తిమోతెయో భుజాన్ని చీల్చింది. తిమోతెయో బతికాడు. క్రిసాంతో మాత్రం పిస్తోలు బల్ల మీద పడేసి అందరి ముందూ బావురుమన్నాడు. పిస్తోలు వీపున బిగించిన గురి అద్దంలో కనిపించే ఎర్రచుక్కను రేకు మీదే పెట్టాననీ, రేకు మీద దాన్ని చూస్తూనే ట్రిగ్గర్ నొక్కాననీ, అద్దం వంకరగా బిగించిన నీనోంగ్ కిరినో చెయ్యి తన స్నేహితుడి ప్రాణం మీదికి తెచ్చిందనీ చెప్పాడు. సెబు నగరం నుంచి దిగిన పోలీసు మేజర్ అబాపో ఆ పిస్తోలును కొయ్యలో బిగించి కాల్పించి చూస్తే, చుక్క ఒకచోటా గుండు దానికి ఎడమగా మూరెడు అవతలా తేలింది. ఇంకేముంది, నిర్లక్ష్యపు కేసు. లైసెన్సు పోతుంది, కొట్టు మూతపడుతుంది, యాభై ఏళ్ల పేరు మీద బురద పడుతుంది.

"మీరు నా ప్రశ్నలకు జవాబులు చెప్పాలి నీనోంగ్. నిజంగా. పోలీసుగా అడుగుతున్నాను."

"చెబుతాను. నువ్వు అద్దం ఎంచుకో. ఒక అద్దానికి ఒక ప్రశ్న. వచ్చే సోమవారం నీకు గురి పరీక్ష. కిందటేడు గట్టెక్కింది నీ కంటి వల్ల కాదు, ఆ పరీక్ష పెట్టినాయన దయ వల్ల."

అది నిజమే. గొట్టం చివరి గురిముల్లు రెండేళ్లుగా ఆమెకు మసగ్గా అలుక్కుపోయి కనబడుతోంది. ఎవరితోనూ అనలేదు. ఈయనతోనూ అనలేదు. ఎలా కనిపెట్టాడో ఆ పరలోకపు దేవుడికే తెలియాలి. ఆమె నడుముకున్న పిస్తోలు తీసి, మ్యాగజైన్ ఊడదీసి రేకు పళ్లెంలో పెట్టి, ఖాళీ చేసిన పిస్తోలు ఆయన చేతికిచ్చింది. ఆయన అప్పటికే దాని వీపు మీద బిగింపుకు పలక తయారుగా ఉంచాడు.

మొదటి అద్దం గోరంత. పిస్తోలు ఎత్తి చూస్తే ఆమెకు గోడ కనిపించింది గానీ చుక్క కనిపించలేదు.

"చుక్క ఏదీ?"

"వెతుక్కోవాలి. నువ్వు వెతుక్కునే లోపు దొంగ ఇంటికెళ్లి అన్నం కూడా తినేస్తాడు. జేబులో దాచుకునేవాళ్లకి ఇది. నీకు కాదు. అడుగు."

క్రిసాంతో అద్దం ఎవరు బిగించారని అడిగింది. తానేననీ, గురువారం బిగించి, పెరట్లో కాల్చి చూసి, గుండు చుక్కలోనే పడుతోందని తేలాకే ఇచ్చాననీ చెప్పాడు. ఇచ్చేముందు మరల మీద గీత కూడా గీశాడట. ఆ గీత గురించి పెర్పెతువాకు చెప్పక్కర్లేదు. చనిపోయిన భార్య కొన్సుయెలో వాడిన వంగపండు రంగు గోళ్లరంగు సీసాలు ఆయన దగ్గర ఇంకా రెండున్నాయి. మర తలకూ పక్కనున్న లోహానికీ కలిపి సన్నటి గీత గీస్తాడు. మర వెంట్రుకంత తిరిగినా గీత విరిగిపోతుంది. తన పని తర్వాత ఇంకో చెయ్యి పడిందో లేదో కొన్సుయెలో చెబుతుంది అంటాడు. అలా అన్నప్పుడల్లా సీసా మూత గట్టిగా బిగిస్తాడు.

రెండో అద్దం వెడల్పు. చుక్క ఇట్టే దొరికింది గానీ అద్దం సన్నటి పిస్తోలుకు రెండు పక్కలా బయటికి పొడుచుకొచ్చింది.

"ఎలకపిల్ల మీద అంబారీలా ఉంది. నడుముకి పెట్టుకుంటే చొక్కా చింపుతుంది" అని ఆయనే లాగేసుకున్నాడు. గురువారం తర్వాత దాన్ని ఎవరైనా విప్పే అవసరం ఉందా అన్నది రెండో ప్రశ్న. క్రిసాంతో కొన్నది బ్యాటరీ పొట్టకింద ఉండే రకం. మార్చాలంటే మొత్తం ఊడదీయాలి, ఊడదీస్తే గురి చెడుతుంది. అందుకని బ్యాటరీ అయిపోతే తన దగ్గరికే రమ్మన్నాడట. కొత్త బ్యాటరీ వేసిన మూడు రోజులకే విప్పాల్సిన పని ఏ పిచ్చివాడికీ ఉండదన్నాడు.

మూడోది క్రిసాంతోది లాంటిదే. తేలిక, నాజూకు. ఆమెకు చూడగానే నచ్చింది. చెయ్యి తనంతట తాను బిగుసుకుంది.

"నచ్చిందా?" అన్నాడు కిరినో. మంచినీళ్ల గ్లాసులో వేళ్లు ముంచి దాని మీద చిలకరించాడు. "ఇప్పుడు చూడు."

ఒక్క చుక్క పది చుక్కలైంది. వెనక చిన్న దీపం, ముందు అద్దం, మధ్యలో పైకప్పు లేని ఖాళీ. దీపం మీద నీటిబొట్టు పడితే వెలుగు చెల్లాచెదురైపోతుంది. పండుగనాడు చర్చి గురువైన పాద్రే బెనితో పిస్తోళ్లన్నీ బల్ల మీద వరసగా పెట్టించి మంత్రించిన నీళ్లు చల్లుతాడు గదా, పైన మూసి ఉన్న రకం తీసుకోరా అని క్రిసాంతోకి చెవినిల్లు కట్టుకుని చెప్పాడట. వాడు వినలేదట.

ఆయన గుడ్డతో తుడిచిచ్చాడు. చుక్కలు పోయాయి. ఒక్కటే మిగిలింది గానీ దానికి కింద తోక ఉంది.

"ఇది పాడైపోయింది నీనోంగ్. తోకొచ్చింది."

"పిస్తోలు పక్కకి వాల్చి చూడు. తోక దానితో పాటు తిరిగితే తప్పు అద్దానిది. తిరక్కుండా అక్కడే ఉంటే తప్పు కంటిది."

ఆమె వాల్చింది. తోక కదల్లేదు. ఇంకా వాల్చింది. అది అలాగే, మొండిగా, కిందికే వేలాడింది. పెర్పెతువా పిస్తోలు దించింది. ఊళ్లో తన గురి గురించి చెప్పుకునే మాటలన్నీ ఒక్కసారిగా పాతబడినట్టనిపించింది.

"ముసల్దానివైపోయావని కాదు" అన్నాడు కిరినో మెల్లగా. "నీ కన్ను ఎలాంటిదో తెలిసింది, అంతే. తెలిస్తే సరిపడేది వెతకొచ్చు. నేను లేనూ?"

ఆమె మూడో ప్రశ్న అడిగింది, ఆ సమయానికి మీరెక్కడ ఉన్నారని. గంట కొట్టేది ఏటా ఆయనే గదా. కాసేపు ఇంటికొచ్చానన్నాడు. ఈ నాలుగో పెట్టె ఆ పొద్దున్నే సెబు నుంచి వచ్చిందట. ఆదివారం ఆమె పుట్టినరోజు కూడా గనక, పోటీ మధ్యలోనే తెచ్చి చేతిలో పెడదామనుకున్నాడు. టోపీ, కండువా తిమోతెయోకిచ్చి, రెండు వంతులు కొట్టి పెట్టమని వచ్చేశాడు. తిరిగి వెళ్లేసరికి గొడవైపోయింది. పెట్టె జేబులోనే ఉండిపోయింది.

"తిమోకి నేనే తగిలించాను ఆ దెబ్బ" అని ఆయన గుడ్డ అంచులు సర్దుకున్నాడు.

నాలుగోది పూర్తిగా మూసి ఉన్న డబ్బీ. రెండు చివరలా అద్దం, బ్యాటరీ మూత పక్కన. చుక్క కాస్త పెద్దది. వెలుతురు తగ్గించగానే తోక దాదాపు మాయమైంది. ఎత్తిన మొదటిసారే చుక్క ఎదురొచ్చి నిలబడింది. ఇక వెతకాల్సింది లేదని ఆమె చేతికి తెలిసిపోయింది.

"దీని వెలుగు ఎదుటివాడికి కనబడదా?"

"టార్చిలైటనుకున్నావా? చూసేవాడి కంట్లో తప్ప చుక్క ఎక్కడా ఉండదు. ఎవడి మీద పెట్టారో వాడికి అసలు తెలీదు. అదే నాలుగో ప్రశ్నా?"

"కాదు. క్రిసాంతోకి తిమోతో పాత గొడవలేమైనా ఉన్నాయా?"

కిరినో స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకున్నాడు. పెట్టేశాడు. మళ్లీ తీసుకున్నాడు.

"తిమోతో లేవు" అన్నాడు.

"మరెవరితో?"

"నాలుగూ అయిపోయాయి. వాడూ నా బిడ్డే పెర్పి. నువ్వెంతో వాడంతే. వెళ్లు, నువ్వొచ్చేసరికి బిగించి పెడతాను."

ఆయన నోరు మూశాడంటే పట్టుకారు పెట్టినా తెరుచుకోదు. పిస్తోలు అక్కడే వదిలి ఆమె క్లబ్బుకు బయల్దేరింది.

మేజర్ దెల్ఫిన్ అబాపో కాల్పుల గది బయట కుర్చీ వేసుకుని, తినబోయే కాల్చిన పందిని, లెచోన్‌ను, ముందే చూసుకున్న మొహంతో కూర్చున్నాడు. ఇద్దరూ ఒకే బ్యాచ్. శిక్షణలో గురి పతకం పెర్పెతువాకు వచ్చింది, అబాపోకు చప్పట్లు కొట్టే పని వచ్చింది. పాతికేళ్లయినా ఆ చప్పట్లు అతని అరచేతుల్లో ఇంకా మండుతున్నట్టే ఉంటాడు. అయినా ఆమె తల్లి పోయినప్పుడు సెబు నుంచి రాత్రికి రాత్రి వచ్చి శవపేటిక మోసింది అతనే.

"రా కస్కేహో. మీ నీనోంగ్‌కి బట్టలు సర్దిపెట్టావా?"

"పిస్తోలు చూపించు."

"నీకీ కేసులో పని లేదు. చుట్టరికం."

"ఈ ఊళ్లో ఆయనకి చుట్టం కానివాణ్ని తెచ్చి కేసిద్దామనుకుంటే నీకు పిల్లి కూడా దొరకదు. చూపించు."

అతను సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. పెర్పెతువా భూతద్దం పట్టుకుని వంగింది. వంగపండు రంగు గీత రెండు మరల మీదా ఉంది. రెండు చోట్లా విరిగి ఉంది. తలమీది సగం ఒకవైపు, లోహం మీది సగం ఇంకోవైపు.

"ఎవరో విప్పి మళ్లీ బిగించారు" అంది.

అబాపో తల అడ్డంగా ఊపాడు. వదులుగా బిగిస్తే కాల్చినప్పుడల్లా అదిరి అదే తిరుగుతుందనీ, అది కూడా బిగించినవాడి తప్పేననీ అన్నాడు. ఆ మాటకు వెంటనే ఎదురు చెప్పడం ఆమె వల్ల కాలేదు. అలా జరగదని ఆమెకు తెలుసు. కోర్టుకు తెలియదు.

"పైగా సరుకే నాసిరకం" అన్నాడతను జోరుగా. "చూడు, చుక్క చితికిపోయిన టమాటాలా ఉంది. కొయ్యలో పెట్టి కాల్చిన మావాడు కూడా చుక్క పగిలి ఉందనే చెప్పాడు. పగిలిన దాన్ని ఊళ్లోవాళ్లకి అంటగట్టాడు మీ పెద్దాయన."

ఆమె పిస్తోలు ఖాళీగా ఉందని చూసుకుని ఎత్తి, దూరంగా ఉన్న మట్టికట్ట వైపు పెట్టి చూసింది. చుక్క నిజంగానే చెల్లాచెదురుగా ఉంది. ఒక పెద్ద చుక్క, దానికి తన పాత నేస్తం తోక, చుట్టూ ముక్కలు ముక్కలుగా ఎరుపు. మెల్లగా పక్కకు వాల్చింది. తోక కదల్లేదు. ముక్కలు మాత్రం పిస్తోలుతో పాటు గుండ్రంగా తిరిగాయి.

ఆమె పిస్తోలు అతని చేతికందించింది.

"అబాపో, ఇలా పట్టుకుని చూడు. ఇప్పుడు వాల్చు. నీ టమాటా తిరుగుతోందా?"

అతను వాల్చాడు. ఇంకోవైపు వాల్చాడు. మొహం కొంచెం మారింది.

"మధ్యలోది తిరగట్లేదు. చుట్టూ ఉన్నవి తిరుగుతున్నాయి."

"తిరగనిది నీ కన్ను. నాకు తోక, నీకు టమాటా. ఇద్దరం ఒకే బ్యాచ్ గదా. ఆ తిరిగేవి ఉన్నాయే, అవి దీపం మీద ఉన్నాయి. ఇదిగో భూతద్దం."

అబాపో అటూ ఇటూ చూసి, చొక్కా లోపలి జేబులోంచి ఒక కళ్లజోడు తీశాడు. పెట్టుకునేముందు ఆమె వైపు చూసిన చూపులో బతిమాలుడు ఉంది. ఆమె చూడనట్టు నటించింది. ఆ మాత్రం స్నేహం ఉంది.

దీపం మీద ఆవగింజంత తెల్లటి వలయాలు. ఎండిపోయిన నీటిబొట్ల గుర్తులు, అంచుల్లో పొడి తెలుపు.

"దుమ్ము" అన్నాడు అబాపో, తనకే నమ్మకం లేని గొంతుతో.

"ఉప్పు. పాద్రే బెనితో పాతకాలం మనిషి, మంత్రించే నీళ్లలో ఉప్పు వేస్తాడు. ఆదివారం పూజ కాగానే తెరిచి ఉండే అద్దాలవాళ్లంతా గుడ్డలు పట్టుకుని కొళాయి దగ్గర వరస కట్టారు. ఏటా అంతే. దేవుడి నీళ్లని తుడిచేస్తున్నామే అని సణుక్కుంటూ మరీ తుడుస్తారు. తుడవకపోతే ఏం కనపడుతుందో ఇప్పుడే చూశావు. క్రిసాంతో వాంగ్మూలంలో ఏమన్నాడు?"

అబాపో కాగితం వెతకలేదు. అతనే రాయించుకున్నది. "ఒకటే చుక్క, గుండ్రంగా, రేకు నడిమధ్యన."

"ఈ అద్దంలో అలాంటి చుక్క ఆదివారం పొద్దున్నుంచీ లేదు. పూజ అయ్యాక వాడు ఒక్కసారి కూడా ఇందులోంచి చూడలేదు. చూసుంటే మొదటి క్షణంలోనే తుడిచేవాడు. చుక్క రేకు మీద పెట్టలేదు, చుక్కతో పనే పెట్టుకోలేదు. ఇరవై ఏళ్లు ఒట్టి గురిముల్లుతో కాల్చినవాడు, అంత దగ్గర్లో గొట్టం చాచి కొట్టగలడు. ముందే అద్దం విప్పి, గుండు ఎడమకి పోయేలా తిప్పి బిగించుకుని, నేరం నీనోంగ్ మరల మీదికి నెట్టాడు."

అబాపో కుర్చీలో వెనక్కి వాలాడు. పోటీదారుడే గానీ అన్యాయపు మనిషి కాదు. తాను చూపు తప్పినచోట ఇంకొకరి చెయ్యి విరిచేయబోయానన్న సంగతి అతనికి తగలాల్సిన చోటే తగిలింది.

"ఆ పెద్దాయన నా పెళ్లికి ఒక మేక పంపాడు" అన్నాడు చివరికి. ఫోన్ తీసి కానిస్టేబుల్‌తో మాట్లాడాడు. కొట్టు దగ్గర కాపలా అక్కర్లేదు, పెద్దాయనకు క్షమాపణ చెప్పి స్టేషన్‌కు వెళ్లిపో అన్నాడు. ఫోన్ పెట్టేసి, "కళ్లజోడు సంగతి బయటికి పొక్కిందో" అని వేలు చూపించాడు.

"నా తోక సంగతి నువ్వు మోస్తే, నీ టమాటా సంగతి నేను మోస్తాను."

పాతికేళ్లలో మొదటిసారి ఇద్దరూ కలిసి నవ్వారు. పెర్పెతువాకు ఒళ్లంతా తేలికైంది. నీనోంగ్ కొట్టు నిలబడింది, పేరు నిలబడింది. సాయంత్రం వెళ్లి ఆయన చేత నాలుగు తిట్లు తిని, పుట్టినరోజు బాకీ నూడుల్స్ తిని, కొత్త అద్దంతో పెరట్లో కాల్చుకోవచ్చు.

కానీ అబాపో తిక్క ప్రశ్న ఒకటి అడిగాడు. "తిమోతెయో అంటే వాడికేం కోపం? ఇద్దరూ కలిసి చేపలకి పోతారట గదా?"

ఆ ప్రశ్న ఆమె దగ్గర కూడా ఉంది. ఇద్దరూ కాల్పుల ఆవరణలోకి నడిచారు. కుడి నుంచి ఎడమకు అయిదు ఇనప రేకులు. ఎడమ పక్కన ఛాతీ ఎత్తున పాత టైర్ల గోడ, దాని వెనక గంట స్తంభం. కాల్చేచోటు నుంచి చూస్తే చివరి రేకూ గంటా ఆనుకుని ఉన్నట్టే కనిపిస్తాయి. ఏటా ఊళ్లోకెల్లా పెద్ద తుపాకీ పనివాడు వెడల్పాటి తాటాకు టోపీ, ఎర్ర కండువా వేసుకుని ఆ గోడ వెనక నిలబడి, తొలి రేకు పడగానే గంట కొడతాడు. పోటీదార్లందరినీ తమ వంతు వచ్చేదాకా వెనక షెడ్డులో కూర్చోపెడతారు. ముందుగా ఆవరణ చూస్తే అన్యాయం అని. క్రిసాంతోను కూడా అలాగే కూర్చోపెట్టారు.

టోపీ, కండువా స్తంభానికి వేలాడుతున్నాయి. కండువాకు భుజం దగ్గర చిరుగు, చుట్టూ ఎండిన మరక.

"అవి వేసుకుని అక్కడ నిలబడు" అంది పెర్పెతువా.

అబాపో గొణుక్కుంటూనే వేసుకున్నాడు. ఆమె కాల్చేచోటికి వెళ్లి, తయారైనవాడిలా నిలబడి, తల ఎత్తింది.

గోడ పైన కనిపించింది ఒక టోపీ, ఒక కండువా. టోపీ నీడలో మొహం లేదు. అక్కడ నిలబడ్డది అబాపో కాదు. తిమోతెయో కూడా కాదు. చిన్నప్పటి నుంచీ ప్రతి పండుగకూ ఆమె చూసిన మనిషి. ఆమె పుట్టినరోజు పెట్టె కోసం ఇంటికి పోకపోయి ఉంటే ఆ క్షణంలో అక్కడే ఉండాల్సిన మనిషి.

ఆ రోజు ఆయనే పోయి ఉంటే, సరిగా కాల్చి చూసే ఇచ్చానని చెప్పేవాడే ఉండేవాడు కాదు. తన చేతి తప్పుకు తానే పోయాడు పాపం అని ఊరంతా ఏడ్చి ఊరుకునేది.

తిమోతో లేవు, అన్నాడాయన.

ఆమె కిరినోకు ఫోన్ కొట్టింది. రెండోసారికి ఎత్తాడు.

"పెర్పీ, ఆ కానిస్టేబుల్ వచ్చి నాకు దండం పెట్టి వెళ్లాడే. ఏం మంత్రమేశావు?" గొంతు నిండా సంతోషం. "మంచి సమయానికి చేశావు. క్రిసాంతో వచ్చాడు. వెనక సందులో నిలబడి ఉన్నాడట పాపం, పోలీసు పోయేదాకా లోపలికి రావడానికి మొహం చెల్లక. టోర్తా కేకు తెచ్చాడు. వచ్చినప్పటి నుంచీ ఏడుపే."

"నీనోంగ్, నేను చెప్పేది వినండి."

"నీ దగ్గర దాచాను గానీ, రెండు నెలల కింద వీడు నన్ను నంబర్లు లేని తుపాకులు చెయ్యమన్నాడే. పెట్టెలకి పెట్టెలు. మళ్లీ అడిగావంటే పెర్పికి చెబుతానని తిట్టి పంపాను. దానికి క్షమించమంటున్నాడు. బిడ్డ తప్పు చేస్తే ఏం చేస్తాం? కూచోరా, ఈసారైనా మంచి అద్దం ఎంచుకో అని గుడ్డ పరిచాను."

అబాపో టోపీతోనే పరుగెత్తుకొచ్చి, ఆమె మొహం చూసి, జీపు తాళాల కోసం జేబులు తడుముకుంటున్నాడు.

"వాడిప్పుడేం చేస్తున్నాడు నీనోంగ్?" ఆమె జీపు వైపు నడుస్తూనే అడిగింది.

"చూస్తున్నాడు. వెలుతురెక్కువైతే చుక్క సరిగా కనపడదని తలుపు మూశాడు. నీకని పెట్టిన మూసినదే వాడికీ నచ్చింది. చూశావా, ఆ రోజే నా మాట వినుంటే—"

"అద్దం ఒక్కటే ఇచ్చారా?"

"ఒట్టి అద్దంలో ఏం తెలుస్తుందే? నీ పిస్తోలుకి బిగించే ఉంది గదా."

రేకు పళ్లెం ఆమె కళ్ల ముందు మెదిలింది. అందులో తన చేత్తో తాను పెట్టిన నిండు మ్యాగజైన్ మెదిలింది.

"నీనోంగ్, పళ్లెంలో నా మ్యాగజైన్ ఉందా?"

ఫోన్‌లో కుర్చీ జరిగిన చప్పుడైంది. తర్వాత ముసలాయన ఊపిరి వినిపించింది.

"లేదు దాయ్" అన్నాడు, చాలా నెమ్మదిగా.

"వాడు ఎటు చూస్తున్నాడు?"

జవాబు రావడానికి ఆలస్యమైంది. ఎదురుగా తన మీదికే పిస్తోలు ఎత్తిన బిడ్డ మొహంలో, అద్దానికి అవతలి వైపు నుంచి, ఆయన చుక్క కోసం వెతుకుతున్నాడని ఆమెకు అర్థమైంది. అది అక్కడి నుంచి కనబడదని ఆమెకు నేర్పింది ఆయనే.